ముంపు, చిలకరింపు, మధ్యలో ఒక పెళ్లి

చెప్పులు గడప బయటే విడిచి రండి. ధర్మవరంలోని ఈ మందిరంలో బెంచీలుండవు. గోడవారగా నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీలు ముసలివాళ్ల కోసం, మిగతా అందరం చాపల మీదే. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. పదింటికే ఎండ పైరేకుల్ని కాల్చేస్తోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి చాప దాకా దిగడం లేదు. నా పక్కన చోటుంది, సర్దుకుని కూర్చోండి. ఒంటిగంట దాటే దాకా లేచేది లేదు.

ఇక్కడ ఆరాధన నడిపించడానికంటూ ఒక మనిషి ఉండడు. మూల నుంచి ఒకాయన లేచి 'సీయోను గీతములు'లో ఒక నంబరు చెబుతాడు, అందరూ అందుకుంటారు. పాట అయ్యీ అవకముందే ఇంకొకాయన మోకాళ్లూని ప్రార్థన మొదలుపెడతాడు. ఆటో తోలేవాడు, మగ్గం నేసేవాడు, బ్యాంకులో గుమాస్తా, ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్లు. ఆడవాళ్ల వైపు నుంచి పాట వస్తుంది, ఆమేన్ వస్తుంది, విడిగా ఒక గొంతు మాత్రం లేవదు. అందరి తలల మీదా కొంగు. గాజులు లేవు, కమ్మలు లేవు. ముందు వరసలో కూర్చున్న అవ్వ చెవి చూడండి. ఎప్పుడో చిన్నప్పుడు కుట్టిన రంధ్రం సాగి సాగి, ఇప్పుడు ఒట్టి గీతగా పూడిపోయింది.

ఎదురుగా చిన్న బల్ల మీద తెల్లగుడ్డ కింద ఒకే రొట్టె, ఒకే గిన్నె. పెద్దాయన ఒకరు గుడ్డ తీసి, కృతజ్ఞత చెల్లించి రొట్టె విరుస్తాడు. ఆ చేతులు చూడండి. చూపుడువేలి పక్కన పట్టుదారం కోసిన సన్నటి గాట్లు, గోళ్ల చుట్టూ ఎంత కడిగినా పోని రంగు. రొట్టె చేతులు మారుతూ వరసల్లోకి వస్తుంది. నా దాకా వచ్చింది. నేను తుంచుకోకుండా పక్కాయనకు అందిస్తాను. మీరూ అంతే చేయండి. ముంపు బాప్తిస్మం పొంది ఈ సహవాసంలో చేరినవాళ్లకే ఈ బల్ల. నాది చిలకరింపు. హిందూపురం సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో, మా నాయన చేతుల్లో పసిగుడ్డుగా ఉన్నప్పుడు పాస్టరు అయ్యగారు నా నుదుట చల్లిన నీళ్లు.

రొట్టె విరిచిన ఆ పెద్దాయన కూతురిని మా అక్క కొడుక్కి చేసుకోవాలని మాట్లాడడానికి వచ్చాను. పిల్లాడు పెనుకొండ దగ్గర కియా కార్లకు విడిభాగాలు చేసే కంపెనీలో సూపర్‌వైజరు. పిల్ల బత్తలపల్లి ఆస్పత్రిలో నర్సు. పిల్ల అవ్వకు అక్కడ మోకాలి వైద్యం జరిగినప్పుడు ఒకరినొకరు చూసుకున్నారు. పిల్లలిద్దరికీ ఇష్టమే. ఇద్దరూ క్రైస్తవులే, ఒకే కులం, ఒకే జిల్లా. ఊళ్లో ఎవరినడిగినా ఇందులో అడ్డం ఏముందంటారు. కానీ ఈ ఇంటివాళ్ల దృష్టిలో మేము నామకార్థ క్రైస్తవులం. మావాళ్ల నోట వీళ్లు ముంపోళ్లు. నేను కువైట్‌లో చాలా ఏళ్లుండి వచ్చినవాణ్ని, అక్కడ అందరితో కలిసి కూర్చున్నవాణ్ని కాబట్టి రెండు వైపులా మాట్లాడగలనని మా బావ నమ్మకం.

ఈ చాపల వెనక ఒక పెద్ద ప్రయాణం ఉంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన బఖ్త్ సింగ్ ఇంజనీరింగ్ చదువు కోసం 1926లో ఇంగ్లండ్ వెళ్లాడు, అక్కడి నుంచి కెనడా. విన్నిపెగ్‌లో 1929లో కొత్త నిబంధన చదువుతూ క్రీస్తును నమ్మాడు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం, మరుసటి ఏడు స్వదేశం. బొంబాయిలో కలుసుకున్న తల్లిదండ్రులు నీ విశ్వాసం గుట్టుగా ఉంచుకో అని అడిగితే ఒప్పుకోక ఇంటిని వదులుకున్నాడు. తర్వాత మద్రాసులో యెహోవా షమ్మా, హైదరాబాదులో హెబ్రోను అనే సహవాస కేంద్రాలు పెట్టాడు. తెలుగునాట పల్లెపల్లెనా ఆ తీరు సహవాసాలు వెలిశాయి. 2000 సెప్టెంబరులో హైదరాబాదులో ఆయన కన్నుమూసినప్పుడు వీధులు పట్టనంత జనం వచ్చారు.

నేను ఈ చాప మీద కూర్చున్నప్పుడల్లా ఆలోచించే విషయం ఒకటుంది. పడమటి దేశాల్లో నమ్మకం పొందిన మనిషి తిరిగొచ్చి బెంచీలు, గౌన్లు, జీతాల పాస్టర్లు, ఇంగ్లిషు ప్రార్థన పుస్తకం అన్నీ పక్కన పెట్టి జనాన్ని నేల మీద కూర్చోబెట్టాడు. ఊళ్లో పుట్టి ఊళ్లోనే పెరిగిన మా సీఎస్‌ఐ వాళ్లం బెంచీల మీద కూర్చుని, లండన్ మిషన్ దొరలు నేర్పిన క్రమంలో ఆరాధిస్తూ, పెళ్లికి మాత్రం సిలువ గుర్తున్న తాళి కడతాం. వీళ్లు చాప ఉంచుకుని తాళి వదిలేశారు. మేము తాళి ఉంచుకుని చాప వదిలేశాం. ఎవరు ఛాందసులు, ఎవరు ఉదారవాదులు, ఎవరిది విదేశీ మతం అని ఒక్క మాటలో తేల్చేవాళ్లను నేను నమ్మను.

కూడిక ముగిసింది. పోవద్దు, భోజనం ఉంది. చాపలు చుట్టేసి విస్తళ్లు వేస్తారు. అన్నం, పప్పు, వంకాయ కూర, మజ్జిగ. ప్రతి ఆదివారం అందరూ ఒకే వరసలో కూర్చుని తినడం కూడా బఖ్త్ సింగ్ పెట్టిన అలవాటే. టీ కొట్టులో ఫలానావాళ్లకు వేరే గ్లాసు పెట్టిన కాలం చూసిన ముసలాయన నా పక్కన కూర్చుని, ఎవరో రెడ్డిగారబ్బాయి వడ్డిస్తుంటే పప్పు ఇంకొంచెం వేయమంటున్నాడు. వీళ్ల కట్టుబాట్లు గట్టివని విసుక్కునే ముందు ఈ వరసను చూడాలి.

ఇంటికి వెళదాం, దగ్గరే. ముందు గదంతా గుంతమగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే నేత సరిగ్గా చేతుల కిందికి వస్తుంది. పడుగు మీద కనకాంబరం రంగు, అంచుకు ముదురు ఆకుపచ్చ, అందులో జరీ. పైన జాకార్డు అట్టలు దండగా వేలాడుతున్నాయి. ఆదివారం గనక నాడె ఆగి ఉంది. బెంగళూరు పెళ్లికూతురి కోసం అంటాడు పెద్దాయన, అంచు మీద వేలు ఆనించి.

"మీ పాపకు?"

"తెల్ల చీరే అన్నా. జరీ లేకుండా." ఆ మాట అనడంలో బాధ లేదు, గొప్పా లేదు. ఆయనకు అది తేలిన విషయం.

పొద్దున ముందు వరసలో చూసిన అవ్వ, పెద్దాయన తల్లి, గుమ్మం దగ్గర కూర్చుని నన్ను చూస్తోంది. తన మొగుడు తాగి తాగి మగ్గం అమ్మిన సంగతి ఆమే చెబుతుంది. సందు చివర సారా దుకాణం. పెద్దకొడుక్కి జ్వరమొస్తే మాత్రకు డబ్బుల్లేవు. ఆ రోజుల్లోనే హెబ్రోను వాళ్లు వీధిలో పాటలు పాడుకుంటూ వచ్చారట. మొగుడు మారుమనసు పొంది తాగుడు మానేశాడు. "గవర్నమెంటోళ్లు సారా ఎప్పుడో తర్వాత గదప్పా మాన్పించింది. మా ఇంట్లో దేవుడు ముందే మాన్పించినాడు." నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచి, రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది 1993లో. అవ్వ ఇంట్లో అంతకు పదేళ్ల ముందే సారా సీసా బయటికి పోయింది. సినిమాలు వద్దు, నగలు వద్దు, పండగ ఖర్చులు వద్దు అనే ఆ నియమాలు ఇల్లు నిలబెట్టిన నియమాలు. బయటివాళ్లకు అవి సంకెళ్లలా కనిపిస్తాయి. అవ్వకు ఆ నియమాలే తలుపుకు గడియ.

మధ్యాహ్నం బస్సెక్కి పెనుకొండకు వెళుతున్నాం. పెద్దాయన, ఆయన భార్య, అవ్వ, పిల్ల, వెనక సీటులో మీరూ నేనూ. మాటలు సగం దారిలో ఉన్న ఊళ్లో పెట్టుకుందామని రెండు వైపులా అనుకున్నాం. అక్కడ మా చిన్నమ్మ ఇల్లుంది. ఆమెది పెంతెకొస్తు. డ్రమ్ములు, చప్పట్లు, భాషల్లో ప్రార్థన. ఈ రెండు గుంపులకూ ఆమె సమానంగా పరాయిది, అందుకే ఆమె ఇల్లు అందరికీ నచ్చింది.

కిటికీ పక్కన చెనక్కాయ చేలు వెనక్కి పోతుంటే కువైట్ గుర్తొస్తుంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనా శుక్రవారమే. నగరంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఒకటుంది. అమెరికా నుంచి వచ్చిన అరేబియన్ మిషన్ డాక్టర్లు 1910ల్లో మొదలుపెట్టిన ఆస్పత్రి పనితో పుట్టిన సంఘం అది. నేనున్నప్పుడు దానికి కువైట్ దేశస్థుడే అయిన ఇమ్మానుయేల్ ఘరీబ్ పాస్టరు. 1999లో అభిషేకం పొందాడు. ఆ గోడల మధ్య అరబ్బులు, కొరియా వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మలయాళీలు, తమిళులు, మనవాళ్లు, పదుల కొద్దీ సంఘాలు గంటలు పంచుకుని ఆరాధిస్తాయి. ఒక గుంపు పాట ముగిస్తుంటే తలుపు బయట ఇంకో గుంపు నిలబడి ఉంటుంది. చోటు కొరత. అందువల్ల ఊళ్లో అయితే ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్లు అక్కడ ఒకరి కుర్చీలు ఒకరు సర్దుతారు.

నేను చూసింది ఏమిటో చెప్తాను. కడప, రాయచోటి, కదిరి వైపు నుంచి ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లు ఎంతోమంది. సెలవు దొరికిన శుక్రవారం వాళ్లు వెతుక్కునేది తెలుగు పాట. అది ఏ సంఘమో అడగరు. ఒకామె చనిపోయింది, గుండెపోటు. శవాన్ని ఊరికి పంపడానికి ఎంబసీ కాగితాలు, యజమాని సంతకం, విమానం కార్గో ఖర్చు. ఆమెది పెంతెకొస్తు. కాగితాల కోసం తిరిగింది మా సీఎస్‌ఐ కుర్రాడు. చందా మొదట వేసింది బ్రదరెన్ వాళ్లు. మార్చురీ దగ్గర ప్రార్థన చేసింది ఒక కేథలిక్కు నర్సు. ఆ రాత్రి ఎవరి బాప్తిస్మం ఎలాంటిదని ఎవరూ అడగలేదు. తర్వాత మా తెలుగు గుంపుల పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు: వేదిక మీదికెక్కి ఇంకొకరి బాప్తిస్మాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. వాదించాలంటే టీ తాగేటప్పుడు ముఖాముఖి వాదించుకోండి. వాదనలు మానలేదు. నిజానికి నేను అంత గట్టి వాదనలు ఊళ్లో ఎన్నడూ వినలేదు, ఎందుకంటే ఊళ్లో ఎదురుపడి వాదించుకునేంత దగ్గరగా మేము ఎప్పుడూ కూర్చోలేదు.

తిరిగొచ్చాక నాకు రెండు వైపులా పరాయితనం తగిలింది. మా చర్చిలో బైబిలు ఎక్కువగా ఎత్తితే ముంపోళ్లలో కలిశావా అంటారు. వాళ్ల దగ్గర ప్రశ్న అడిగితే చదువు తలకెక్కిందంటారు.

పెనుకొండ వచ్చింది, దిగండి. పైన కొండ, కొండ మీద కోట. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు రాజధానిని ఈ కొండ కిందికి తెచ్చుకున్నారు. బాబయ్య దర్గా, జైనుల పార్శ్వనాథ ఆలయం, పాత మండపాలు, చర్చిలు అన్నీ ఈ చిన్న ఊళ్లోనే. చిన్నమ్మ ఇల్లు సందులో ఉంది. లోపల చాప పరిచి ఉంది, కుర్చీలూ ఉన్నాయి. ఎవరి అలవాటు వాళ్లది.

మా బావ, అక్క, పెళ్లికొడుకు, వాడి పెద్దక్క ముందే వచ్చి ఉన్నారు. పెద్దక్క అంటే నా మేనకోడలు. సీఎస్‌ఐలో పాస్టరు. ఆమెను చూడగానే పెద్దాయన ముఖంలో ఏదో బిగిసింది. పాస్టరమ్మ, అదీ తల మీద కొంగు లేకుండా. మా పక్క నంద్యాల డయాసిస్‌లోనే 2013లో ఎగ్గోని పుష్పలలిత బిషప్పయ్యారు. మొత్తం సీఎస్‌ఐలోనే మొదటి మహిళా బిషప్పు. మావాళ్లకు అది గర్వం. పెద్దాయనకు, ఆడవాళ్లు సంఘంలో మౌనంగా ఉండాలన్న పౌలు మాట అడ్డం.

"ప్రార్థన చేసి మొదలుపెడదాం," అంటుంది చిన్నమ్మ. ఎవరు చేయాలి? గదిలో చప్పుడు లేదు. నా మేనకోడలు లేవబోయి ఆగింది. అవ్వ అంది, "అమ్మయ్యా, ఈ మోకాలు పట్టుకుని నువ్వు ప్రార్థన చెయ్యి." పెద్దాయన తల్లి వంక చూశాడు. "ఏంరా? మా ఆడోళ్ల కూడికలో ఇన్నేండ్లు వాక్యం చెప్పింది ఎవురనుకున్నావు?" మేనకోడలు దగ్గరికొచ్చి, చీర కొంగు తల మీదికి లాక్కుని, అవ్వ మోకాలి మీద చేయి వేసి ప్రార్థించింది. కొంగు లాక్కోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఓళిగలు తెచ్చి పెట్టారు. ఎవరూ ముట్టలేదు. పెద్దాయన సూటిగా మొదలుపెట్టాడు.

"అబ్బాయి మంచోడు. నాకు అందులో అనుమానం లేదు. అయితే నమ్మి ముంపు తీసుకోవల్ల. పసిబిడ్డకు నమ్మకమేముంటాది?"

మా బావ ముఖం ఎర్రబడింది. "అంటే మా నాయన, మా తాత, అందరూ బాప్తిస్మం లేకుండా చచ్చిపోయినారా? చిలకరించింది దేవుని పేరు మీద గదప్పా?"

ఇద్దరూ ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో నాకు తెలుసు. బావ తాత లండన్ మిషన్ బడిలో అక్షరం నేర్చుకున్న మొదటి తరం. ఆ కుటుంబంలో పసిబిడ్డను పీఠం దగ్గరికి తీసుకుపోవడమంటే, ఈ బిడ్డ అడగకముందే దేవుడు దీన్ని తనదిగా ఎంచుకున్నాడని ఊరంతటి ముందు చెప్పడం. ఊరు ముట్టుకోని బిడ్డను అయ్యగారు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. పెద్దాయనకు బాప్తిస్మమంటే తండ్రి సారా సీసా వదిలి నీళ్లలోకి దిగిన దినం. ఒకరికి అది పుట్టుకతో దక్కిన గౌరవం, ఇంకొకరికి తెలిసి తెలిసి తీసుకున్న తీర్మానం. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్ని అబద్ధమన్నా ఒక ఇంటి చరిత్ర కూలుతుంది.

నేను వాళ్లకు సీఎస్‌ఐ పుట్టిన సంగతి చెబుతున్నాను, వినండి. తరంగంబాడిలో 1919లో వి.ఎస్. అజరయ్య, ఇంకొందరు పాస్టర్లు కూర్చుని, పరదేశంలో పుట్టిన చీలికలు మన మీద ఎందుకని ఐక్యత ప్రకటన రాశారు. అజరయ్య తమిళుడు, పని చేసింది మన దోర్నకల్‌లో. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మహాసభలో మిషనరీలను మాకు స్నేహితులుగా రండని అడిగి తిరిగొచ్చినవాడు. ఆ ప్రకటన ఫలించడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మా లండన్ మిషన్ వాళ్లున్న సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి (ఎస్‌ఐయూసీ) ఒకటయ్యారు. అజరయ్య అది చూడలేదు, 1945లోనే పోయాడు.

"అన్నేండ్లు ఎందుకు పట్టింది?" అడిగాడు పెళ్లికొడుకు.

అచ్చంగా ఈ గదిలో ఉన్న ప్రశ్న మీదే. బిషప్పు చేతులుంచని పాస్టర్లకు మళ్లీ అభిషేకం చేయాలా వద్దా అని. చివరికి తేల్చుకున్నారు: ఎవరికీ మళ్లీ అభిషేకం వద్దు, ఎవరిది వాళ్లకు చెల్లుతుంది, ఇక ముందు అందరికీ బిషప్పే చేస్తాడు. ఇంకో వాగ్దానం కూడా రాసుకున్నారు, మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధనను గానీ సేవకుణ్ని గానీ ఏ సంఘం మీదా రుద్దమని. దాన్ని నమ్మనివాళ్లూ ఉన్నారు. నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది ఏళ్లతరబడి బయటే నిలబడ్డారు. వాళ్లను ద్రోహులనడం నాకు ఇష్టం లేదు. మనస్సాక్షి కోసం నిలబడ్డారు, తర్వాత మనస్సాక్షితోనే వచ్చి కలిశారు.

పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. "అది అభిషేకం అన్నా. బాప్తిస్మం వేరే." ఆయన అన్నది నిజమే. సీఎస్‌ఐలో బాప్టిస్టులు చేరలేదు. ఉత్తర భారతంలో 1970లో చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా (సీఎన్‌ఐ) ఏర్పడినప్పుడు బాప్టిస్టులూ, చర్చ్ ఆఫ్ ది బ్రదరెన్ వాళ్లూ వచ్చారు. పసిబిడ్డకు ఇచ్చినదీ, నమ్మి తీసుకున్నదీ రెండూ చెల్లుతాయని అక్కడ ఒకే సంఘంగా కలిశారు. ఆ సంగతి చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడనలేను. "అట్లా కూడా చేసినారా?" అన్నాడంతే. ఆ ప్రశ్నలో కోపం లేదు. నాకు అప్పటికి అది చాలు.

ఇంక తాళి. ఇది మా అక్క మాట. "తాళి లేకుండా నా కోడలు ఈదిలో నడిస్తే ఏమంటారు? మా అమ్మ నాకిచ్చిన సిలువ తాళి ఇది. వీడి ఇంజనీరింగు ఫీజుకు కుదువబెట్టి, మళ్లా విడిపించి తెచ్చుకున్నా."

పెద్దాయన నోరు తెరిచేలోగా అవ్వ అందుకుంది. ఆమె మాట నెమ్మదిగా వచ్చింది. ఆమె చిన్నత్తకు పదకొండేళ్లకే దేవర పేరు మీద తాళి కట్టి బసివిగా విడిచారట. తాళి మెడలో ఉంది, మొగుడు లేడు. ఊళ్లో పెద్దోళ్లందరిదీ ఆమె మీద హక్కే. "ఆ తాళి చూసి చూసి నాకు తాళంటేనే కడుపులో తిప్పుతాది తల్లీ. నేను నమ్ముకున్నప్పుడు మొదట తీసేసింది అదే." రాయలసీమ పల్లెల్లో బసివి ఆచారం ఎంత లోతుగా ఉండేదో మన తరం మరిచిపోయింది. దేవదాసి సమర్పణను నిషేధిస్తూ మన రాష్ట్రం చట్టం చేసింది 1988లో.

మా అక్క చాలాసేపు మాట్లాడలేదు. తన మెడలో తాళిని కొంగు కింద దాచుకుంది.

ఇన్నేళ్లూ మా వాళ్లం తాళి వద్దనేవాళ్లను మూర్ఖులనే అనుకున్నాం. వాళ్లు మమ్మల్ని లోకస్థులన్నారు. ఇరువైపులా వాక్యాలు చూపించుకున్నాం. అవ్వ చిన్నత్త సంగతి, అక్క కుదువబెట్టిన సంగతి ఏ ప్రసంగంలోనూ రాలేదు. ఒక నియమం ఎవరి మెడ మీద నుంచి వచ్చిందో వినకుండా ఆ నియమం సడలించమని అడిగే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. కువైట్‌లో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఇదే.

అక్కే తేల్చింది. గుడిలో తాళి కట్టడం ఉండదు, ఉంగరాలు మార్చుకుంటారు. తన తాళిని కోడలికి ఇస్తుంది, డబ్బాలోనే. వేసుకోవడం, వేసుకోకపోవడం పిల్ల ఇష్టం. మా బావకు ఇది నచ్చలేదు, ఆయన గోడ వైపు చూస్తున్నాడు. చీర మాత్రం ఎవరూ అడగకుండానే పెద్దాయన కదిలించాడు. తెల్ల పట్టు తానే నేస్తాడు. అంచుకు జరీ వద్దు గానీ తెల్లదారంతోనే ఆకుల నమూనా నేస్తానన్నాడు. అప్పుడు ఓళిగలు తిన్నారు.

ముంపు సంగతి అక్కడే ఆగింది.

సాయంత్రం హిందూపురం. పిల్ల ఇంటివాళ్లను చిన్నమ్మ ఇంట్లోనే వదిలి మా బావతో వచ్చేశాం. చింతపండు మండీలు దాటి, కన్నడం తెలుగు కలిసిపోయిన వీధుల్లోంచి చర్చి కాంపౌండుకు. అయ్యగారు బంగళా వరండాలో ఉన్నారు. ఆయన బీరువాలో ఒక పక్క నెల్లూరుకు చెందిన పి. చెంచయ్య వంటి వాళ్లు 1938లో తెచ్చిన 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా', దాని పక్కనే లెస్లీ న్యూబిగిన్. చెంచయ్య పుదుక్కోట సంస్థానంలో జడ్జి. హిందూ వారసత్వాన్ని వదులుకోకుండా క్రీస్తును నమ్మాలని వాదించిన తెలుగువాడు. న్యూబిగిన్ మధురై, మద్రాసుల్లో బిషప్పుగా ఉండి 1974లో ఇంగ్లండు తిరిగివెళ్లాక, తన దేశమే ఇప్పుడు సువార్త వినాల్సిన చోటని గుర్తించి, అక్కడి ఉదారవాదులకూ ఛాందసులకూ ఇద్దరికీ జవాబు చెప్పాల్సి వచ్చినవాడు. పరదేశంలో ఉండి తిరిగొచ్చినవాడి కష్టం ఆయన పుస్తకాల్లో నాకు బాగా అర్థమవుతుంది.

అయ్యగారు కాగితం తీసుకుని లెక్క చూశారు. వివాహ ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి పొద్దున ఆరుకీ సాయంత్రం ఏడుకీ మధ్య జరగాలి. రిజిస్టరు ఈ చర్చిదే, ప్రమాణాలు తానే చేయిస్తారు. "ప్రసంగం ధర్మవరం వాళ్లని చెప్పనివ్వండి అయ్యగారూ," అన్నాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "పల్పిట్ ఇస్తే మా బిడ్డల బాప్తిస్మం చెల్లదని అక్కడి నుంచే చెప్తే? మా ముసలోళ్ల ముఖాలు ఎట్లా చూడల్ల?" న్యాయమైన భయం. కువైట్ ఒప్పందం చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, పెద్దాయనతో తానే మాట్లాడతానన్నారు. ముందుగా ధర్మవరం పోయి వాళ్ల చాప మీద ఒక ఆదివారం కూర్చుంటానన్నారు. రొట్టె తనకివ్వరని తెలిసే ఆ మాట అన్నారు.

రాత్రి ఫోను. పిల్ల.

"మామా, నాకు ఒక సంగతి చెప్పండి. ముంపు తీసుకోని వాణ్ని చేసుకుంటే మావాళ్లు నన్ను బల్ల దగ్గర నుంచి పక్కన పెడతారు. పక్కన పెట్టినా నేను పోతా, వెనక కూచుంటా. మీ గుడిలో ఇస్తే తీసుకుంటా. తప్పా?"

తప్పని నేను అనలేదు. వాళ్ల పెద్దలు కాదంటే ఏం చేయాలో మాత్రం నాకు తెలియదని చెప్పాను. గొంతులో అలసట ఉంది, బెదురు లేదు. ఆమె పనిచేసే ఆస్పత్రిని పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ కథ వాళ్లకు శిక్షణలో చెబుతారట. 1968లో దేశం నుంచి పంపేసినా మరుసటి ఏడు తిరిగొచ్చి అనంతపురంలో పని మొదలుపెట్టిన స్పెయిన్ జెసూట్. తర్వాత ఆ సభనే వదిలి, పెళ్లి చేసుకుని, చివరిదాకా ఈ జిల్లా పేదలతో ఉన్నవాడు. "ఆయనను కూడా వాళ్లోళ్లు వదులుకున్నారేమో గదా మామా, అయినా పని ఆపలేదు," అంది.

బుధవారం ప్రార్థన కూడికకు పెద్దలందరూ వస్తారట. నాన్నతో చెప్పించనని, తానే లేచి అడుగుతానని చెప్పింది. ఆడపిల్ల ఆ మందిరంలో లేచి మాట్లాడడం ఇంతవరకు జరగలేదు. అవ్వ పక్కన కూర్చుంటానందట. నన్ను కూడా రమ్మంది, వస్తానన్నాను. మీకు వీలైతే మీరూ రండి, ఏడింటికి మొదలవుతుంది.